ఏ మొక్కు తీర్చుకున్నావమ్మా?

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన శ్రావణంలో పక్కింట్లో వరలక్ష్మీ వ్రతం పేరంటానికి వెళ్లాను. వచ్చిన ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టి, మూరెడు పూలు చేతికిస్తున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. నా తలకున్న స్కార్ఫ్ చూసి, పూలు పక్కన పెట్టి, తాంబూలం మాత్రం ఇచ్చారు. ఆవిడ మంచి మనిషే. నన్ను బాధపెట్టకూడదనే అలా చేసి ఉంటారు. కానీ ఇంటికొచ్చి నేను ఏడ్చింది ఆ పూల గురించే.

నాకు 38 ఏళ్లు. నాలుగేళ్ల కిందట మాడు మీద మంట, దురద మొదలయ్యాయి. చుండ్రు అనుకున్నాం. ఉల్లిపాయ రసం, మందారాకు, ఎవరు ఏ నూనె చెబితే ఆ నూనె రాశాను. అరసవల్లి వెళ్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకున్నాను. చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి రెండేళ్లు గడిచాయి. మాడు మీద చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కుదుళ్లు ఉండాల్సిన చోట మచ్చ కట్టేసిందని, అక్కడ ఇక జుట్టు మొలవదని చెప్పారు. పేనుకొరుకుడైతే కుదురు బతికే ఉంటుంది, మళ్లీ రావచ్చు. నాది అది కాదు. మొదట్లోనే వచ్చి ఉంటే మిగతాదైనా నిలబడేదేమో అన్నారు. ఆ మాట తర్వాత నెలల తరబడి నిద్ర లేదు. మా పాపకు జడ వేస్తుంటే చేతులు వణికేవి.

బస్సులో పెద్దవాళ్లు "ఏటమ్మా, తిరుపతెళ్లొచ్చినావా? ఏ మొక్కు?" అని ఆప్యాయంగానే అడుగుతారు. దేవుడికి తలనీలాలు ఇచ్చానంటే గౌరవిస్తారు. జబ్బు అంటే కాస్త జరిగి కూర్చుంటారు. ఇది అంటుకునేది కాదని ఎంతమందికి చెప్పను? మా అత్తగారు మాత్రం ఏ పెళ్లికెళ్లినా నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంటారు.

"జుట్టే కదా, ప్రాణానికేం కాదు" అని ఆసుపత్రిలో ఒక్క మాటతో పంపేస్తే మాలాంటి వాళ్లకు దారేది? జిల్లా ఆసుపత్రుల చర్మ విభాగాల్లో వారానికి ఒక్కరోజైనా మహిళా కౌన్సెలర్‌ను కూర్చోబెట్టాలి. మాడు మీద మంట, నున్నగా మెరిసే మచ్చలు కనిపిస్తే నూనెలతో కాలం గడపకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలని ఆశా కార్యకర్తలకు శిక్షణలో చెప్పాలి. మనసు బాగోలేనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. ఈ నంబరు మా ఊళ్లో చాలామందికి తెలియదు.

ఇంకో మాట. వచ్చే శ్రావణంలో మీ ఇంటికి స్కార్ఫ్ కట్టుకుని ఎవరైనా వస్తే ఆమెకూ పూలు ఇవ్వండి. నేనైతే వాటిని మా పాప జడలో పెడతాను.

— ఒక పాఠకురాలు, బొబ్బిలి, విజయనగరం జిల్లా