బొమ్మ అమెజాన్‌ది, పేరు కెన్యాది

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన 'మనుషుల్ని తినే ఆఫ్రికా చీమలు' సంగతి. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను, వెయ్యలేదు.

పేరేమో డోరిలస్ నైగ్రికాన్స్ మొలెస్టస్ అని రాశారు, అంటే ఆఫ్రికాలో దండుగా సాగే చీమ. బొమ్మేమో కొక్కేల్లాంటి దవడలున్న ఎసిటన్‌ది. అది మధ్య, దక్షిణ అమెరికా చీమ. మధ్యలో అట్లాంటిక్ సముద్రం ఉందండీ! తేడా పట్టడానికి పెద్ద చదువక్కర్లేదు, నడుము చూస్తే చాలు. డోరిలస్‌కు ఛాతీకీ పొట్టకూ మధ్య ఒకటే ముడి, ఎసిటన్‌కు రెండు. పైగా డోరిలస్ పనిచీమకు కళ్లే ఉండవు. మీ బొమ్మలో రెండు ముడులూ, కంటి చుక్కా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

'ఆఫ్రికా అంతటా' ఉంటుందట. ఆఫ్రికా ఏమన్నా మన మండలమా? మొలెస్టస్ తూర్పు వైపుది: కెన్యా, టాంజానియా, మొజాంబిక్. 1859లో గెర్‌స్టాకర్ అనే జర్మన్ కీటక శాస్త్రవేత్త పెట్టిన పేరది. దాని దాయాదులు బర్మైస్టెరి, రుబెల్లస్ లాంటివి పడమటివి. వీటిని నైగ్రికాన్స్ అనే జాతికి ఉపజాతులుగా లెక్కేసేవాళ్లున్నారు, మొలెస్టస్, రుబెల్లస్‌లను విడి జాతులుగా రాసేవాళ్లూ ఉన్నారు. ఆ ముక్క వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు.

ఈ పేర్ల చిక్కుకు కారణం ఉంది. ఒకే బారులో చిన్న పనిచీమా, దానికి మూడింతలుండే సైనికచీమా కలిసి నడుస్తాయి. పాత రోజుల్లో సీసాలో నాలుగు చీమలు యూరప్ చేరితే సైజూ రంగూ చూసి కొత్త పేరు పెట్టేసేవారు. దీపాల దగ్గర వాలే రెక్కల మగదాన్ని, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1764లో కందిరీగల్లో చేర్చాడు. మగది డోరిలస్, పనిది అనొమ్మా, రాణి డిక్థాడియా: ఒకే ఇంట్లో మూడు ఇంటిపేర్లు! అందుకే నమూనా సేకరించేవాళ్లు ఒకే బారు నుంచి చిన్నవీ, మధ్యరకంవీ, పెద్దవీ కలిపి కనీసం ఇరవై చీమల్ని ఆల్కహాల్‌లో వేసి, ఊరు, ఎత్తు, తేదీ చీటీ మీద రాసి పెట్టాలి. మగది దొరికితే మరీ మంచిది.

ఇక మనుషుల్ని తినడమంటారా, గంటకు ఇరవై మీటర్లు సాగే దండు నుంచి తప్పుకోలేని ఆ మనిషి ఎవరో! గూట్లో మూసిన కోళ్లకు ప్రమాదం, నిజమే.

మన వ్యవసాయ కరపత్రాలదీ ఇదే తంతు. నేలలో ఉండి ఆలుగడ్డలు తొలిచే డోరిలస్ ఓరియెంటాలిస్ మన దేశంలోనే ఉంది. అధికారులు మాత్రం 'ఎర్రచీమలు' అని రాసి చేతులు దులుపుకుంటారు. రైతు పైన కనబడ్డ ఎర్రచీమ మీద పొడి చల్లుతాడు, అసలుది కింద తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

సవరణ వేస్తే అదే పేజీలో, అంతే పెద్దగా వెయ్యండి. వేలం ప్రకటనల కింద మూలన కాదు.

— ఒక పాఠకుడు, హనుమకొండ