కొనమని చెప్పే ముందు ఎంత కొనాలో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

బిట్‌కాయిన్ పడ్డ ప్రతిసారీ మీ బిజినెస్ పేజీలో ఒకే తరహా వార్త వస్తోంది. పైన 'భారీ పతనం' అని శీర్షిక, కింద ఎవరో విశ్లేషకుడి సలహా: ఇది కొనడానికి మంచి అవకాశం. ఆ సలహా మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. కొన్నేళ్లుగా సొలానా అనే క్రిప్టో కాయిన్‌లో స్పాట్ ట్రేడింగ్ (పూర్తి డబ్బు పెట్టి కాయిన్‌నే కొని, అమ్మడం) చేస్తున్నాను. కాబట్టి క్రిప్టో జోలికే పోవద్దని చెప్పే ఉత్తరం కాదిది. పడుతున్న ధరలో కొనేవాళ్లకు అసలు కావలసిన సంగతి మీ వార్తల్లో ఉండటం లేదు.

2021 ఏప్రిల్‌లో బిట్‌కాయిన్ 64 వేల డాలర్లు దాటింది. జులై వచ్చేసరికి 30 వేల లోపుకు పడిపోయింది. అప్పుడు ధైర్యం చేసి కొన్నవాళ్లకు ఫలితం దక్కింది, నవంబరులో అది 69 వేలకు చేరింది. అక్కడి నుంచి మళ్లీ జారి, 2022 జనవరిలో 33 వేల దగ్గర నిలబడింది. రెండుసార్లూ పడింది సగానికి పైనే. చార్టు మీద రెంటికీ తేడా కనిపించదు. పోయినసారి ఇక్కడి నుంచే లేచింది కదా అని చాలామంది కొన్నారు. మార్చిలో 48 వేల దాకా లేచి వాళ్ల నమ్మకాన్ని పెంచింది కూడా. ఆ ఏడాది నవంబరుకి ధర 15,500.

అది బిట్‌కాయిన్ కాబట్టి తిరిగి వచ్చింది. లూనా అనే కాయిన్ రాలేదు. 2022 ఏప్రిల్‌లో 119 డాలర్లున్న కాయిన్ మే నెల రెండో వారంలో 30కి వచ్చినప్పుడు, నాలుగో వంతు ధరకే దొరుకుతోందని కొన్నవాళ్లున్నారు. మర్నాటికి అది ఒక డాలరు. ఆ తర్వాత సెంటు విలువ కూడా లేదు. లూనాకు జంటగా ఉండి, డాలరుతో సమానంగా నిలవాల్సిన టెర్రా యూఎస్‌డీ అనే కాయిన్ జారిపోయింది, దాన్ని నిలబెట్టడానికి లూనాలను ముద్రిస్తూ పోయారు. సుమారు 35 కోట్లున్న కాయిన్ల సంఖ్య కొద్ది రోజుల్లోనే 6.5 లక్షల కోట్లకు చేరింది. ఆ పతనానికి కారణం బయట మార్కెట్లో లేదు, ఆ కాయిన్ నిర్మాణంలోనే ఉంది. ఎందుకు పడిందో చార్టు చెప్పదు, పత్రిక చెప్పగలదు. మీ వార్తలో నేను ముందు వెతికేది ఆ కారణాన్నే. అది లేకుండా 'అవకాశం' అన్న మాట మాత్రం అచ్చయితే ఎవరికి ఉపయోగం?

తొంభై శాతం పడిన కాయిన్ అంటే, ముందు ఎనభై శాతం పడి, ఆ తర్వాత మళ్లీ సగానికి పడినది. ఎనభై దగ్గర 'ఇంకెంత పడుతుందిలే' అని కొన్నవారి డబ్బు సగం పోతుంది. 30 శాతం పడినది పాత ధరకు రావాలంటే 43 శాతం పెరగాలి. సగం పడితే రెట్టింపు కావాలి. 80 శాతం పడితే అయిదు రెట్లు. నేను ట్రేడ్ చేసే సొలానాయే 2021 నవంబరులో 260 డాలర్ల దగ్గర ఉండి, మరుసటి ఏడాది చివరికి 10 డాలర్ల లోపుకు వచ్చింది. మళ్లీ ఆ ఎత్తు చూడటానికి 2024 నవంబరు దాకా పట్టింది. అన్నాళ్లు ఆగగలిగింది అప్పు లేకుండా, అవసరం లేని డబ్బుతో కొన్నవాళ్లే.

మీరు అసలు ముట్టుకోని విషయం లెవరేజ్, అంటే చేతిలో ఉన్న డబ్బుకు కొన్ని రెట్ల విలువతో ట్రేడ్ చేయడం. ధర పెరుగుతుందని పది రెట్ల లెవరేజ్‌తో ఫ్యూచర్స్‌లో (కాయిన్‌ను కొనకుండా దాని ధర మీద చేసుకునే ఒప్పందాల్లో) దిగినవారి డబ్బు, ధర పది శాతం పడితే చాలు, తుడిచిపెట్టుకుపోతుంది. నిజానికి పది దాకా కూడా ఆగరు. మార్జిన్ (హామీగా పెట్టిన సొమ్ము) ఒక హద్దు కిందికి రాగానే ఎక్స్‌ఛేంజ్ ఆ పొజిషన్‌ను, అంటే వాళ్లు తీసుకున్న ఒప్పందాన్ని, బలవంతంగా అమ్మేస్తుంది. ఆ అమ్మకంతో ధర ఇంకొంచెం దిగుతుంది, దాంతో మరొకరి వంతు వస్తుంది. 2025 అక్టోబరు 10న, చైనా వస్తువులపై అదనంగా వంద శాతం సుంకం వేస్తానని ట్రంప్ ప్రకటించాక, ఒక్క రోజులో 1,900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు ఇలా పోయాయి. కొన్ని చిన్న కాయిన్లు నిమిషాల్లో సగానికి పైగా పడి, కొన్ని గంటల్లోనే చాలావరకు కోలుకున్నాయి. స్పాట్‌లో ఉన్నవాళ్ల చేతిలో తెల్లారేసరికి అవే కాయిన్లు అలాగే ఉన్నాయి. నా పాత విద్యార్థి ఒకడు అయిదు రెట్ల లెవరేజ్‌లో ఉన్నాడు. ధర లేస్తుందన్న అతని అంచనా నిజమే అయింది, కానీ అది లేచే వేళకు అతని ఖాతాలో ఏమీ మిగల్లేదు. తెలివైన కుర్రాడు. అతను చదివిన సలహాల్లో ఎక్కడా ఈ సంగతి లేదు.

స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆదేశం) పెట్టుకుంటే చాలంటారు. పెట్టాలి, నేనూ పెడతాను. కానీ ఆ ధర తాకగానే అది మామూలు మార్కెట్ ఆర్డరు, అంటే వచ్చిన ధరకు అమ్మేసే ఆదేశం, అయిపోతుంది. ఆర్డర్ బుక్‌లో (కొనే, అమ్మే ఆదేశాల పట్టికలో) కొనేవాళ్లు పలచబడ్డ సమయంలో మనం 120 అని పెట్టుకుంటే 112కి అమ్ముడవచ్చు. ఇంతకు తక్కువకు అమ్మవద్దని లిమిట్ పెడితే అసలు అమ్ముడే కాకపోవచ్చు. ఈ మార్కెట్‌కు సెలవు లేదు, రాత్రి లేదు. షేర్ మార్కెట్లో లాగా మరీ పడితే కాసేపు ఆపే ఏర్పాటూ లేదు.

అందుకే నేను ధర కంటే ముందు పరిమాణం తేల్చుకుంటాను. మొత్తం పెట్టుబడి నూరు పాళ్లు అనుకుందాం. ఒక ట్రేడ్‌లో ఒక పాలుకు మించి నష్టం రాకూడదని నా నియమం. 150 దగ్గర కొని 120 దగ్గర స్టాప్ పెడితే తేడా 20 శాతం. అంటే ఆ ట్రేడ్‌లో పెట్టాల్సింది అయిదు పాళ్లే. స్టాప్ జారే ప్రమాదం ఉంది కాబట్టి నేను నాలుగే పెడతాను. విడతలుగా కొన్నా విడతలన్నీ కలిపి ఆ నాలుగే. ధర ఇంకా దిగుతోందని మొదట అనుకోని విడతను తర్వాత చేర్చడమే అన్నిటికంటే ప్రమాదం. సగటు ధర తగ్గిందన్న తృప్తిలో, పోగల సొమ్ము పెరిగిందన్నది కంటికి కనపడదు. ఇంత తక్కువ పెట్టడం పిరికితనమని మా స్టాఫ్‌రూమ్‌లో వాదించినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రోజుకు ఇరవై శాతం ఊగగల వస్తువులో అంతకంటే ఎక్కువ పెట్టినవారికి నిద్ర ఉండదు, నిద్ర లేని మనిషి సరిగ్గా అమ్మకూడని క్షణంలో అమ్ముతాడు.

మీ పత్రికను మా విద్యార్థులు ఫోన్లలో చదువుతారు, అందులో అచ్చయిన మాటకు విలువ ఇస్తారు. కొనమని చెప్పే విశ్లేషకుడి దగ్గర ఆ కాయిన్ ఉందో లేదో ఆయన్నే అడిగి వేయండి. పతనానికి కారణం ఏమిటో రాయండి. స్థలం చాలకపోతే, శిఖరం నుంచి ఎంత శాతం పడిందో, తిరిగి అక్కడికి చేరాలంటే ఎంత శాతం పెరగాలో, ఆ రెండు అంకెలనైనా ధర పక్కనే ఇవ్వండి. లెక్క కట్టి పంపమంటే ప్రతిసారీ నేనే పంపుతాను.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకురాలు