చందాలకు హద్దు కోరే పౌర కమిటీ, అనంతపురం: జమా ఖర్చులు

చందా ఇచ్చిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం. రాజకీయ పార్టీలకిచ్చే చందాలకు చట్టంలో హద్దు పెట్టాలని మనం చేసిన ప్రచారం లెక్క ఇది.

జమ: 57 మంది నుంచి 16,350 రూపాయలు. ఒకరి దగ్గర 500 మించి తీసుకోకూడదని ముందే అనుకున్నాం. ఒక కాంట్రాక్టరు గారు ఫోన్‌పే చేసిన 10,000 అదే రోజు వెనక్కి పంపాం. ఆయన కాస్త నొచ్చుకున్నారు. ఇంకో ఇంటి నుంచి నలుగురి పేర్ల మీద 500 చొప్పున వచ్చాయి, ఇచ్చిన చెయ్యి మాత్రం ఒకటే. ఒక్క రసీదు రాసి 1,500 తిరిగిచ్చాం. దీని మీద కమిటీలో గొడవే జరిగింది. 20,000 దాటిన చందాకే పార్టీలు దాత పేరు చెప్పాలి, పెద్ద మొత్తాన్ని ముక్కలు చేస్తే పేరు బయటికి రాదు అని కరపత్రంలో మనమే అచ్చేసి, ఇక్కడ చూసీచూడనట్టు పోతే ఎట్లా?

ఖర్చు: కరపత్రాలకు 3,600, ఫ్లెక్సీకి 1,200. టవర్ క్లాక్ నుంచి పాతూరు దాకా తిరిగిన మైకు ఆటోకు 2,400. సభకు హాలు బాడుగ, మైకు కలిపి 4,500. టీ, ఉగ్గాని, బజ్జీలకు 1,380. ఇది ఎక్కువన్నవాళ్లున్నారు, వచ్చిన జనమూ ఎక్కువే మరి.

అభ్యర్థుల ఎన్నికల ఖర్చు లెక్కలు జిల్లా ఎన్నికల అధికారి దగ్గర ఎవరైనా రూపాయి కట్టి చూడొచ్చు. ఆరుగురివి చూశాం, 6 రూపాయలు. అవి కట్టడానికి పోయొచ్చిన ఆటోకు 120. నకళ్లకు 264. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు లేదు. కాబట్టి ఆ కాగితాల్లో కనిపించేది సగమే.

ఎన్నికల సంఘానికి, కేంద్ర న్యాయశాఖకు వినతిపత్రాల స్పీడ్ పోస్టుకు 310. ఏడీఆర్, కామన్ కాజ్ లాంటి పౌర సంస్థలు వేసిన కేసులో 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను, అంటే దాత పేరు బయటికి రాకుండా బ్యాంకు ద్వారా పార్టీలకు చందా ఇచ్చే పద్ధతిని, కొట్టేసింది. 2017లో ఎత్తేసిన కంపెనీ చందాల పరిమితి, అంటే మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతం, దాంతో మళ్లీ వచ్చింది. వ్యక్తులిచ్చేదానికి మాత్రం పైహద్దు లేదు. మన వినతి దాని గురించే.

మొత్తం ఖర్చు 13,780. మిగులు 2,570 బ్యాంకులో ఉంది, రెండో విడత కరపత్రాలకు వాడతాం. బిల్లులు, రసీదు పుస్తకం కోశాధికారి దగ్గర ఎవరైనా చూడొచ్చు. పేరు గానీ మొత్తం గానీ తప్పు పడి ఉంటే మీ రసీదు తీసుకొని రండి.