ఆత్మ ఒక్కటే కాదు, శరీరం కూడా లేస్తుంది

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈస్టర్ వచ్చిందంటే పేపర్లో పునరుత్థానం, అంటే చనిపోయి మళ్లీ లేవడం మీద వ్యాసాలు వస్తాయి, వేస్తున్నందుకు థాంక్స్ అండి. కానీ చాలావాటిలో చివరికి చెప్పేది చెడు మీద మంచి గెలిచింది, నిరాశ తర్వాత ఆశ పుడుతుంది అనే మాటే. అవి మంచి మాటలే, కాదనను, కానీ క్రైస్తవులు నమ్మేది అంతటితో ఆగదు. చనిపోయిన మనిషి శరీరం, అదే శరీరం, మళ్లీ లేస్తుందని మేం నమ్ముతాం. మేం నమ్మేదాన్ని క్లుప్తంగా చెప్పే పాత ఒప్పుకోలు, అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో ఆత్మ అమరత్వం అనే మాట లేదు, శరీర పునరుత్థానమును నమ్ముచున్నాను అని ఉంది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, భూస్థాపన దగ్గర కూడా ఈ మాట సరిగ్గా చెప్పట్లేదు. ఆత్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది, ఇక్కడున్నది ఉత్త మట్టే, ఏడవకండి అంటారు. మొదటి సగం నిజమే. కానీ భర్తని పోగొట్టుకున్న ఆవిడ ప్రేమించింది కనపడని ఆత్మని మాత్రమేనా, ఆ గొంతుని, ఆ చేతుల్ని, ఆ నడకని కదా. మా అమ్మ మంచాన పడ్డాక ఒళ్లు తుడిచి, పక్కకి తిప్పి, పుండ్లకి మందు రాసి, జుట్టు దువ్వి చూసుకున్నదాన్ని నేను, ఆ ఒంటిని ఎవరైనా ఉత్త మట్టి అంటే నాకు ఆదరణ కలగదు సరికదా మనసు చివుక్కుమంటుంది. ఆ శరీరాన్నే దేవుడు లేపుతాడు అంటేనే నాకు ఊపిరి ఆడుతుంది.

ఇది నా ఒక్కదాని మాట కాదు. 1563లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో విశ్వాసులకి నేర్పడానికి ఒక ప్రశ్నోత్తరాల పుస్తకం వేశారు, అందులో 57వ ప్రశ్న సూటిగా ఇదే: శరీర పునరుత్థానం నీకు ఏం ఆదరణ ఇస్తుంది? జవాబులో రెండూ ఉన్నాయి, చనిపోగానే నా ఆత్మ క్రీస్తు దగ్గరికి చేరుతుంది, అంతేకాదు నా ఈ శరీరం కూడా ఆయన శక్తితో లేచి, ఆత్మతో మళ్లీ కలిసి, ఆయన మహిమ శరీరంలాగా మారుతుంది అని. మనం మొదటిది చెప్పి రెండోది వదిలేస్తున్నాం.

సువార్తల్లో చూడండి, లేచిన యేసు శిష్యులకి కనపడితే వాళ్లు భూతమనుకుని భయపడ్డారు, అప్పుడాయన నన్ను పట్టుకుని చూడండి, భూతానికి ఎముకలు మాంసం ఉండవు కదా అని, తినడానికి ఏమైనా ఉందా అని అడిగి కాల్చిన చేప ముక్క వాళ్ల ముందే తిన్నాడు. చూస్తేగానీ నమ్మనన్న తోమా అనే శిష్యుడికి తన సిలువ గాయాలు చూపించాడు. ఈ గాయాల సంగతి నాకు చాలా పెద్దది, ఎందుకంటే లేచిన శరీరంలో నొప్పి లేదు, చావు లేదు, కానీ ఆయన పడిన బాధ గుర్తులు మాత్రం అలాగే ఉన్నాయి, అంటే ఈ శరీరం మోసిందంతా చెరిపేసి వేరే ఎవర్నో తయారు చెయ్యడం కాదన్నమాట. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో విత్తనం పోలిక చెప్పాడు, విత్తింది ఒకలా ఉంటుంది మొలిచింది ఇంకోలా ఉంటుంది, కానీ మొలిచింది దానిలోంచే. బలహీనంగా విత్తబడి బలంగా లేస్తుందంట. ఏళ్లతరబడి జబ్బుతో ఉన్నవాళ్లకి, వాళ్లని చూసుకునేవాళ్లకి ఇంతకన్నా ఏం చెప్తాం.

ఆ రోజుల్లో కూడా ఇది అందరికీ మింగుడుపడలేదు, ఏథెన్సులో పౌలు మృతుల పునరుత్థానం అనగానే కొందరు ఎగతాళి చేశారు.

ఇంకొకటి, కాల్చేస్తే ఎలా, సముద్రంలో పోయినవాళ్ల సంగతేంటి అని చాలామంది లోపల్లోపల భయపడతారు. క్రీ.శ. 177లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో క్రైస్తవుల్ని చంపి, వీళ్లు లేస్తామంటున్నారు కదా చూద్దాం అని శవాల్ని కాల్చి ఆ బూడిద రోన్ నదిలో కలిపేశారు. అయినా అక్కడి సంఘం ఆ నమ్మకం వదల్లేదు. దహనం చెయ్యొచ్చని కేథలిక్ సంఘం 1963లో అనుమతిచ్చింది కూడా. లేని దాన్ని ఉండేలా చేసినవాడికి బూడిద అడ్డం కాదు, కాబట్టి శరీరం దొరకని కుటుంబాలు దిగులుపడొద్దు.

పాస్టర్లకి నా మనవి, సమాధి దగ్గర రెండు వచనాలతో సరిపెట్టకుండా ఆ 15వ అధ్యాయం మొత్తం నెమ్మదిగా చదవండి. ఏడవొద్దని మాత్రం అనకండి, చనిపోయిన తన స్నేహితుడు లాజరుని కాసేపట్లో లేపబోతూ కూడా, ఆ సమాధికి వెళ్లేముందు యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. మీ పేపర్‌కి కూడా అదే మనవి ఎడిటర్ గారు, వచ్చే ఈస్టర్‌కి ఎవరితోనైనా శరీర పునరుత్థానం గురించే ఒక వ్యాసం రాయించి వేయండి, ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నవాళ్లు కూడా మీ పేపర్ చదువుతారు.

ఇట్లు
మీ పాఠకురాలు