నీ మరాఠీలో తెలుగు వినిపిస్తే ఏమైంది

బిడ్డా,

ఆదివారం రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నువ్వు ఏడ్చావని మీ నాన్నకు చెప్పలేదు, చెబితే తెల్లారేసరికి ముంబై బస్సెక్కి కూర్చునేవాడు. ఫోన్‌లో నాకు మాటలు తోచవు, "సరేలే, తిన్నావా" అని పెట్టేస్తాను, నీకు తెలుసు కదా. అందుకే ఇదంతా వాట్సాప్‌లో టైపు చేస్తున్నాను. పొడుగైపోతే షూటింగ్ లేని రోజున చదువుకో.

నువ్వు చెప్పినవి రెండు సంగతులు. రెండేళ్లు తిండీ నిద్రా లేకుండా పనిచేసిన సినిమాకు అవార్డుల్లో ఒక్క నామినేషన్ కూడా రాలేదన్నది మొదటిది. దాని బాధ కొన్నాళ్లకు తగ్గిపోతుంది, అది నీ గొంతులోనే తెలిసింది. రెండోదే నిన్ను లోపల కోసేసింది. కొత్త సినిమాకు డైలాగుల పని అడుగుదామని వెళ్తే, నీ మరాఠీలో తెలుగు యాస ఉంది, నీకు డైలాగులు ఎలా ఇస్తాం అని నలుగురి ముందు నవ్వారని చెప్పావు. "హైదరాబాద్ వెళ్లిపోతానమ్మా, అక్కడైతే మన భాష" అన్నావు.

వెళ్లొద్దని నేననను. వెళ్లాలనిపిస్తే వెళ్లు. కానీ ఈ నవ్వుకు భయపడి మాత్రం వెళ్లకు, ఎందుకంటే అక్కడ నీ తెలుగు విని కూడా ఎవరో ఒకరు నవ్వుతారు. నల్లగొండలో మీ పెదనాన్న కూతురి పెళ్లి గుర్తుందా? పంక్తిలో కూర్చుని, కూరను మరాఠీలో అన్నట్టే "భాజీ ఇంకొంచెం వెయ్యండి" అన్నావు. వడ్డించే పిల్లాడు మిరపకాయ బజ్జీ తెచ్చి వేశాడు, పక్కనున్న పిల్లలంతా నవ్వారు. మన సోలాపూర్ తెలుగోళ్ల సంగతి ఇంతే, అక్కడ మరాఠీ వాళ్లం, ఇక్కడ తెలంగీలం. నాకు యాభై ఏళ్లొచ్చాయి, ఈ మాట వినీ వినీ ఇప్పుడు పట్టించుకోవడం మానేశాను, కానీ నీ వయసులో నేనూ ఏడ్చాను.

ఇంతకీ అసలు చెప్పాలనుకున్నది ఏమిటంటే, నిన్ను చూసి నవ్విన ఆ మనిషికి మరాఠీ సినిమా సంగతి సరిగా తెలియదు. నాకు తెలుసు అని గట్టిగా చెబుతున్నాను. పన్నెండేళ్లప్పటి నుంచి బీడీలు చుడుతూ మరాఠీ సినిమాలు చూసినదాన్ని.

2016 మే నెల, సైరాట్ సినిమాకు వెళ్లాం చూడు. నువ్వు, నేను, నాయనమ్మ, మన గల్లీ ఆడవాళ్లు ఏడెనిమిది మంది. మొదటి సగమంతా కరమాళా వైపు పొలాలు, బావి, ట్రాక్టర్, బుల్లెట్ బండి, ఝింగాట్ పాట, జనం కుర్చీల మీదకెక్కి ఎగిరారు. తర్వాత ఆర్చీ, పర్శ్యా పారిపోయి హైదరాబాద్ చేరారు. తెర మీద తెలుగు మాటలు వినిపించగానే మన వరుస మొత్తం ఒక్కసారిగా కదిలింది. అటూ ఇటూ ఉన్నవాళ్లు వాళ్లేమంటున్నారని మనల్ని అడిగారు, నువ్వు వెనక్కి తిరిగి మరాఠీలో చెప్పావు, గుర్తుందా, అప్పుడు నీకు ఎంత గర్వమో! ఊళ్లో పాటిల్ బిడ్డగా ట్రాక్టర్ నడిపిన పిల్ల ఆ గుడిసెలో, ఆ మురికి కాలవ పక్కన, భాష రాక, నీళ్లు లేక కూర్చుని ఏడుస్తుంటే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని "నేనూ ఇట్లనే ఏడ్చిన" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు. ఆమె పదిహేనేళ్లకు మగ్గం పనికొచ్చిన మొగుడి వెంట నల్లగొండ పల్లె నుంచి సోలాపూర్‌లో దిగింది. మన వాళ్లు అటు నుంచి ఇటు వచ్చిన దారిలోనే ఆ పిల్లలు ఇటు నుంచి అటు వెళ్లారు. ఆర్చీ సీసాలు నింపే ఫ్యాక్టరీలో పనికి చేరి పక్కనున్న పిల్ల దగ్గర తెలుగు నేర్చుకుంటుంది. నాయనమ్మ బీడీ కార్ఖానా లైన్లో నిలబడి మరాఠీ నేర్చుకుంది. చివర్లో ఆ పసివాడి అడుగులు చూపించినప్పుడు థియేటర్లో చప్పుడు లేదు, బయటికొచ్చాక కూడా గల్లీ దాకా ఎవరం నోరు విప్పలేదు.

ఆ సినిమాలో ఎవరి మరాఠీ ఉంది చెప్పు? పుణె మరాఠీనా? మన జిల్లా పల్లె మరాఠీ. అది తీసిన నాగరాజ్ మంజుళే మన కరమాళా తాలూకా జేవూర్ మనిషి. వడార్ కుటుంబంలో పుట్టాడు, అంటే మన దగ్గర వడ్డెరలంటామే వాళ్లు. ఆర్చీ వేసిన రింకూ రాజ్‌గురు అక్లూజ్ పిల్ల, స్కూల్లో చదువుతుండగా దొరికింది. ఆ పిల్ల మాట తీరును తర్వాత ముంబై, పుణె కాలేజీ పిల్లలు అనుకరించారు. మరాఠీలో మొదటిసారి వంద కోట్లు దాటిన సినిమా అది. ఆ యాసతోనే దాటింది.

అంతకుముందు ఆయనే తీసిన ఫండ్రీ సంగతి నువ్వే నాకు చెప్పావు. ఆ పేరే మరాఠీ కాదు. కైకాడీ భాషలో పంది అని అర్థం. అందులో పిల్లాడు జబ్యా ఇంట్లో అమ్మానాన్నలు కైకాడీలో మాట్లాడుకుంటారు, తమిళానికి దగ్గరగా ఉండే భాష, విన్నప్పుడు నాకు ఒకటీ అరా మాట తగిలినట్టే అనిపించింది. స్కూలు పక్కన కుటుంబమంతా పందిని తరుముతూ ఉంటే లోపల జనగణమన మొదలవుతుంది, అందరూ ఎక్కడి వాళ్లక్కడ కదలకుండా నిలబడిపోతారు, పంది మాత్రం దాని దారిన అది వెళ్లిపోతుంది. ఆ సీన్ తర్వాత నేను చాట పక్కన పెట్టేసి కూర్చున్నాను, ఆ పూట బీడీలు చుట్టలేకపోయాను. ఆ సినిమాకు దర్శకుడి తొలి సినిమాకిచ్చే ఇందిరా గాంధీ అవార్డు వచ్చింది, జబ్యా వేసిన సోమ్‌నాథ్‌కు బాల నటుడి అవార్డు వచ్చింది. పేరే మరాఠీ కాని సినిమా మరాఠీకి జాతీయ అవార్డులు తెచ్చింది కదా, దాన్ని ఏమంటారో ఆ నవ్విన మనిషిని అడగాలనుంది.

ఇంకొకటి నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను, ఎందుకంటే ఇది తెలిసిన రోజు నాకు పండగలా అనిపించింది. సైరాట్‌కు కెమెరా పట్టింది సుధాకర్ రెడ్డి యక్కంటి, మన తెలుగువాడు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకుని అక్కడే మరాఠీ సినిమాలోకి వచ్చాడు. 2018లో ఆయనే నాళ్ తీశాడు. నాళ్ అంటే బొడ్డుపేగు. పల్లెలో చైత్యా అనే పిల్లాడికి, తనను పెంచుతున్నది కన్నతల్లి కాదని ఒకరి నోట తెలుస్తుంది, అక్కడి నుంచి వాడు ఆమెను చూసే చూపు మారిపోతుంది. ఆమె వాడికి అన్నం పెడుతూ వాడి ముఖంలోకి చూస్తూ ఉంటుంది, ఏం జరిగిందో అర్థం కాక. తల్లినైన నాకు ఆ చూపు తెలుసు. మరాఠీ తల్లీబిడ్డల కథను ఒక తెలుగువాడు తీస్తే తొలి సినిమా దర్శకుడి జాతీయ అవార్డు ఆయనకిచ్చారు, ఆ పిల్లాడు శ్రీనివాస్ పోకళేకు బాల నటుడి అవార్డు ఇచ్చారు. తర్వాత నాళ్ 2 కూడా ఆయనే తీశాడు, 71వ జాతీయ అవార్డుల్లో అది ఉత్తమ బాలల చిత్రం. 2025 సెప్టెంబర్‌లో టీవీలో చూశాం కదా, ఆ చిన్నారి త్రిషా ఠోసర్ చిన్న చీర కట్టుకుని రాష్ట్రపతి దగ్గరికి నడుచుకుంటూ వెళ్లింది, హాలంతా చప్పట్లు. ఆ ఏడాది బాల నటుల అవార్డు ఐదుగురికి పంచారు, నలుగురు మరాఠీ సినిమాల పిల్లలు, ఐదో పిల్ల తెలుగులో గాంధీ తాత చెట్టు చేసిన సుకృతి. మీ నాన్న టీవీ ముందు నిలబడి "రెండూ మనవే" అన్నాడు.

అటు నుంచి కూడా చూడు. సాయాజీ షిండే సాతారా మనిషి. ఆయన తెలుగులో ఆ మరాఠీ యాస దాచుకున్నాడా? ఆ యాసనే తెలుగు జనం ఇష్టపడ్డారు. సోలాపూర్‌లో పెరిగిన అతుల్ కులకర్ణి మరాఠీ, హిందీ, తమిళం, తెలుగు అన్నింట్లో చేశాడు, రెండుసార్లు ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు తీసుకున్నాడు. మన ఊరి నుంచి నాలుగు భాషల్లోకి వెళ్లడం కొత్తేమీ కాదు బిడ్డా. మీ నాన్నైతే దాదా కోండకే పేరు తప్ప ఇంకో పేరు ఎత్తడు, ముంబై మిల్లు కార్మికుల ఇంట్లో పుట్టినవాడు వరసగా తొమ్మిది సినిమాలు సిల్వర్ జూబ్లీ ఆడించి గిన్నిస్ పుస్తకం ఎక్కాడని వందసార్లు చెప్పాడు. ఆ డబుల్ మీనింగ్ మాటలు నాకు నచ్చవు, కానీ కార్మికుల మాటను తెర మీద వినిపించాడన్నది నిజం.

అవార్డుల గురించి కూడా నాకు తోచింది చెబుతాను. సైరాట్‌కు జాతీయ అవార్డుల్లో ఏమొచ్చిందో తెలుసు కదా? రింకూకు ప్రత్యేక ప్రశంస, అది కూడా సినిమా థియేటర్లలోకి రాకముందే. ఆ ఏడాది ఉత్తమ మరాఠీ చిత్రం రింగణ్. అప్పుల్లో ఉన్న రైతు, తల్లి లేని కొడుకు, పంఢర్‌పూర్ వీధుల్లో తల్లిని వెతుక్కునే పిల్లాడు. అదీ మన జిల్లా కథే, చక్కని సినిమా, కానీ మన గల్లీలో చూసినవాళ్లు ఇద్దరే, నువ్వూ నేనూ. లోకమంతా చూసిన సినిమాకు ఒక ప్రశంస, ఇద్దరం చూసిన సినిమాకు రజత కమలం. రింగణ్‌కు రావడం తప్పని కాదు, వచ్చినందుకు నాకు సంతోషమే. నామినేషన్ రాలేదని నీ రెండేళ్ల పనిని నువ్వే తక్కువ చేసుకుంటుంటేనే నాకు కష్టంగా ఉంది.

మొట్టమొదటి జాతీయ అవార్డు, 1954లో ఇచ్చిన రాష్ట్రపతి బంగారు పతకం, శ్యామ్‌చీ ఆయికి వచ్చింది. ఆచార్య అత్రే సినిమా, కథ సానే గురూజీ నాసిక్ జైల్లో కూర్చుని రాసింది. కొంకణ్ పల్లెలో ఒక పేద తల్లి. మళ్లీ మరాఠీకి ఉత్తమ చిత్రం రావడానికి యాభై ఏళ్లు పట్టింది, శ్వాస్. అదీ కొంకణ్ నుంచి మనవడి కంటి జబ్బు కోసం పుణె ఆసుపత్రికి వచ్చిన ఒక తాత. చూపు పోయేలోగా పిల్లాడికి ఊరంతా చూపించాలని తిప్పుతాడు. యాభై ఏళ్లు ఆ అవార్డు రాలేదని మరాఠీ వాళ్లు సినిమాలు తీయడం ఆపారా?

శ్యామ్‌చీ ఆయిని నాయనమ్మతో కలిసి మొదటిసారి టీవీలో చూశాను, పెళ్లయిన కొత్తలో. ఇద్దరి ఒళ్లో రెండు చాటలు. నానబెట్టిన తునికాకు కత్తెరతో కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి, చూపు మాత్రం టీవీ మీదే. స్నానం చేసిన పిల్లాడు తడి కాళ్లకు మట్టి అంటుతుందని మారాం చేస్తే ఆ తల్లి తన చీర కొంగు రాతి మీద పరుస్తుందే, ఆ కథ వచ్చేసరికి నాయనమ్మకు కళ్లల్లో నీళ్లు. తంబాకు వేళ్లతో కళ్లు తుడుచుకోకూడదు, మండుతాయి. మోచేతితో తుడుచుకుంది, మళ్లీ బీడీ చుట్టింది. అప్పటికి ఆమెకు మరాఠీ సగమే వచ్చు. మొన్న అదే పేరుతో సుజయ్ డహాకే తీసిన సినిమాకు 71వ అవార్డుల్లో ఉత్తమ మరాఠీ చిత్రం వచ్చినప్పుడు, ఆమె ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఇప్పుడు నీ పని సంగతి. నువ్వు రాసుకున్న ఆ బీడీ కార్ఖానా కథ ఉంది కదా, పోయిన దీపావళికి నాకు చదివి వినిపించావు. బాగుంది, కానీ అందులో ముసలామె పుణె బామ్మగారిలా మాట్లాడుతోంది. అప్పుడు నేను ఊరుకున్నాను, ఊరుకోకుండా ఉండాల్సింది. ఎవరో నవ్వుతారని నువ్వు ముందే ఆమె మాటను కడిగేశావు. వెనక్కి మార్చు. నాయనమ్మ మాటలు గుర్తు రాకపోతే నాకు ఫోన్ చెయ్యి, నాకన్నీ గుర్తున్నాయి. కార్ఖానాలో చెకర్ బీడీలు బాగోలేవని పక్కన పడేసినప్పుడు కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి "దాదా, ఆకే బాగలేదు, మీ కాయ్ కరూ?" అనేది, నేనేం చెయ్యను అని. సగం తెలుగు, సగం మరాఠీ. చెకర్ మరాఠీవాడే, ఆమె మాట అతనికి ప్రతిసారీ అర్థమయ్యేది, చాలాసార్లు ఆ కట్టలు తిరిగి లెక్కలో వేసేవాడు.

నారళీ పున్నమికి మార్కండేయ స్వామి రథం నాటికి రెండు రోజులు సెలవు అడుగు. ఆ స్క్రిప్టు కాగితాల మీద తీసుకురా, ఫోన్లో నాకు కళ్లు లాగుతున్నాయి.

మీ అమ్మ