వానలు మొదలయ్యేలోపు కారు పెచ్చులు మూసెయ్

అమ్మలూ,

పండక్కి వచ్చినప్పుడు నీ కారు కడుగుతూ కొన్ని సంగతులు చూశాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయని ఉత్తరం రాస్తున్నాను. పక్కన పెట్టుకుని, పని చేసే రోజు ఇంకోసారి చదువుకో.

నీ బాధంతా ముందు బంపర్ మీద పడ్డ ఆ పొడుగాటి గీత గురించి. బంపరూ, బానెట్టూ, ఎడమ తలుపూ మొత్తం పెయింట్ కొట్టాలని షాపువాళ్ళు అన్నారనీ, ఇన్సూరెన్స్‌లో పెట్టేస్తే నీ చేతి డబ్బు పెద్దగా పడదన్నారనీ చెప్పావు. ఒప్పుకోకు. నాలుగేళ్ళుగా క్లెయిమ్ ఏదీ పెట్టలేదు కాబట్టి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే నీ బండికి జరిగే నష్టానికి కట్టే ప్రీమియంలో, నీకు 45 శాతం తగ్గింపు వస్తోంది. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే 50 శాతం అవుతుంది. ఒక గీత కోసం క్లెయిమ్ పెడితే అదంతా సున్నాకి వస్తుంది. పైగా బంపర్ ప్లాస్టిక్‌ది, తుప్పు పట్టే వస్తువే కాదు. ఆ గీత పదేళ్ళు అలాగే ఉన్నా బండికి వచ్చే నష్టం లేదు.

నన్ను టెన్షన్ పెట్టినవి నువ్వు గమనించని రెండు చోట్లు. బానెట్ ముందు అంచున ఆవగింజంత, కందిగింజంత రంగు పెచ్చులు ఊడి ఉన్నాయి. అలా ఊడిన చోటునే కింద పెచ్చు అంటున్నాను. హైవే మీద కంకర లారీల వెనక వచ్చినప్పుడు రాళ్ళు తగిలి ఊడినవి అవి. రెండోది వెనక ఎడమ చక్రం పైనున్న వంపు అంచున లేచిన పొక్కు. మొదటిది నువ్వు చేసుకోగలవు. రెండోది షాపు పనే, దాని సంగతి చివర్లో చెబుతాను.

కారు రేకు మీద ఉండేది ఒక్క పొర రంగు కాదు. రేకుకు ముందు ఫాస్ఫేట్ పట్టిస్తారు. తర్వాత బాడీ మొత్తాన్ని ప్రైమర్, అంటే రంగుకు అడుగున వేసే పూత, ఉన్న ట్యాంకులో ముంచి కరెంటు పెడతారు, అప్పుడు ఆ ప్రైమర్ మూలమూలకూ అంటుకుంటుంది. దాని మీద ఇంకో ప్రైమర్, ఆ మీద రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్, అంటే రంగులేని మెరుపు పూత. ఇన్ని పొరలూ కలిపితే 100, 120 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్లో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. దెబ్బ ఇందులో ఏ పొర దాకా దిగిందో తెలుసుకుంటే ఏం చేయాలో తెలిసిపోతుంది. గోరుతో మెల్లగా గీరి చూడు. గోరు ఎక్కడా ఆగకపోతే అది క్లియర్ కోట్ మీది గీతే, రబ్బింగ్ కాంపౌండ్ అనే పాలిష్ ముద్దతో రుద్దితే చాలావరకు పోతుంది. గోరు ఆగి, లోపల మెరుపు లేని బూడిద రంగు కనిపిస్తే ప్రైమర్ ఇంకా ఉన్నట్టు. మెరిసే రేకు గానీ గోధుమరంగు చుక్క గానీ కనిపిస్తే ఇక వాయిదా వేయకూడదు.

మరీ ముఖ్యంగా మీ విశాఖలో. ఇనుముకు తుప్పు పట్టడానికి నీళ్ళూ, గాలిలోని ఆక్సిజనూ చాలు. దానికి ఉప్పు తోడైతే ఆ తడి పొరలో కరెంటు సులువుగా పారుతుంది, తుప్పు వేగం అందుకుంటుంది. ఉప్పు గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది కాబట్టి రేకు మీద తడి తొందరగా ఆరదు. లాసన్స్ బే కాలనీలో మీ ఇంటి నుంచి సముద్రం ఎంత దూరమో నాకన్నా నీకే బాగా తెలుసు. ఇక్కడ విజయవాడలో ఏడాది గడిచినా చుక్కగానే ఉండిపోయేది అక్కడ ఒక్క వానాకాలంలో పొక్కు అవుతుంది. ఆర్టీసీ వర్క్‌షాపులో బాడీ సెక్షన్లో ఉన్నన్నాళ్ళూ ఈ తేడా చూశాను. సముద్రం పక్క డిపోల నుంచి బస్సు వస్తే మేం ముందు ఫుట్‌బోర్డు కిందా, చక్రాల పైనా సుత్తితో తట్టేవాళ్ళం. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది.

తుప్పు తాను తిన్న ఇనుముకు రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది. అందుకే అది రంగును కిందనుంచి పైకి ఎత్తుతుంది. పైకి చుక్కంత కనిపిస్తే రంగు కింద అంతకన్నా ఎక్కువే పాకి ఉంటుందనుకుని పని మొదలుపెట్టు. నీకు కావాల్సిందల్లా ఆ రేకుకు గాలీ నీళ్ళూ తగలకపోవడమే. దగ్గరకొచ్చి చూసినవాళ్ళకు మచ్చ తెలుస్తుంది. తెలియనీ.

ముందు రంగు కోడ్ చూసుకో. డ్రైవర్ తలుపు తీస్తే పక్కనున్న స్తంభం మీద గానీ, బానెట్ ఎత్తితే లోపల గానీ చిన్న ప్లేటు ఉంటుంది, కోడ్ దాని మీద ఉంటుంది. దొరకకపోతే షోరూమ్ పార్ట్స్ కౌంటర్లో ఛాసిస్ నంబర్ ఇచ్చి అడుగు. ఊరికే సిల్వర్ కావాలని అడిగి కొనకు, ఒక్కో కంపెనీకి ఒక్కో సిల్వర్ ఉంటుంది. ఆ కోడ్‌కు సరిపోయే టచప్ సీసా, క్లియర్ ల్యాకర్ సీసా, చిన్న డబ్బా జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, రస్ట్ కన్వర్టర్, మాస్కింగ్ టేపు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 400, 600, 2000 నంబర్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) తెచ్చుకో. ప్రైమర్ అడిగితే హార్డ్‌వేర్ షాపులో గేట్లకు కొట్టే రెడ్ ఆక్సైడ్ చేతిలో పెడతారు. అది తీసుకోకు. దాని మీద కారు రంగులోని థిన్నర్ పడితే ముడతలు పడి లేచిపోతుంది.

మంచి ఎండ కాసే రోజు చూసుకుని, పొద్దున తేమంతా ఆరాక పదింటి ప్రాంతంలో మొదలుపెట్టు. బండి మాత్రం నీడలో ఉండాలి. రేకు కాలిపోతుంటే రంగు పైపైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది. గాలిలో తేమ మరీ ఎక్కువుంటే క్లియర్ తెల్లగా పాలిపోతుంది. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్లో మాత్రం చేయకు. థిన్నర్ ఆవిరి నిప్పు అంటుకునే రకం, గాలి ఆడని చోట తల తిప్పుతుంది కూడా. మాస్కూ గ్లౌజులూ వేసుకో.

బండిని షాంపూతో కడిగి పూర్తిగా ఆరనివ్వు. పెచ్చు చుట్టూ ఐసోప్రొపైల్‌తో తుడువు, పాత పాలిష్ జిడ్డు ఉంటే రంగు పట్టదు. పెచ్చు చుట్టూ టేపు అంటించు. అంచున లేచి ఊగుతున్న రంగును గుండుసూదితో ఎత్తి తీసెయ్. అది కాస్త పెద్దదవుతుంది, భయపడకు. ఊగే రంగును అలాగే ఉంచి పైన పూస్తే మొత్తం కలిసి ఊడుతుంది. వాటర్ పేపర్ చేత్తో పట్టుకుని రుద్దితే చుట్టూ ఉన్న మంచి రంగు పాడవుతుంది. పెన్సిల్ వెనక రబ్బరుకు 400 పేపర్ చిన్న ముక్క అంటించి, దాన్ని పెచ్చులోనే తిప్పు. గోధుమరంగు పోయి రేకు మెరిసేదాకా తిప్పాలి. ఈ ఒక్క చోట బద్ధకించకు, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

ఎంత రుద్దినా రేకులో సన్నటి గుంటల్లో నల్లటి చుక్కలు మిగిలితే అక్కడ రస్ట్ కన్వర్టర్ వాడాలి. అందులో ఫాస్ఫారిక్ ఆమ్లమో, టానిక్ ఆమ్లమో ఉంటుంది. మిగిలిన తుప్పుతో కలిసి దాన్ని గట్టి పొరగా మారుస్తుంది. నీ చిన్నప్పుడు ఢిల్లీలో కుతుబ్ మినార్ దగ్గర ఇనుప స్తంభం చూపించాను, గుర్తుందా? సుమారు 1600 ఏళ్ళ నాటి స్తంభం అది. ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువనీ, దానివల్ల పైన ఏర్పడ్డ ఫాస్ఫేట్ పొరే దాన్ని కాపాడుతోందనీ ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధించి చెప్పారు. ఢిల్లీ పొడి గాలి కూడా కలిసొచ్చిందనుకో. కారు ఫ్యాక్టరీలో రేకుకు ఫాస్ఫేట్ పట్టించడమూ, నువ్వు ఈ సీసాలోది పూయడమూ ఆ దారిలోవే. నాకు ఆ స్తంభం అంటే ఎప్పుడూ గౌరవమే. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో, పొడిగా రాలే తుప్పు మీద కన్వర్టర్ పూస్తే పైన నల్లబడుతుంది, లోపల తుప్పు అలాగే ఉంటుంది. రుద్దాకే పూయాలి. ఎంతసేపు ఉంచాలో, తర్వాత కడగాలో వద్దో సీసా మీద రాసినట్టే చెయ్.

రేకు కనిపించిన చోటంతా ప్రైమర్ పలచగా పెట్టు. సీసా మూతకు వచ్చే బ్రష్ ఈ పనికి మరీ లావు. అగ్గిపుల్ల కొన సన్నగా చెక్కి, దాంతో చుక్క తీసి పెచ్చు మధ్యలో వదిలితే అదే అంచులకు పాకుతుంది. బాగా ఆరాక 600 పేపర్‌తో ఒకసారి తేలిగ్గా తాకించి, తుడిచి, అప్పుడు రంగు. సీసాను బాగా ఊపు, సిల్వర్‌లో మెరుపునిచ్చే అల్యూమినియం రేణువులు అడుగుకు దిగి ఉంటాయి. రంగు ఆరేకొద్దీ కుంగుతుంది కాబట్టి ఒక్కసారే దట్టంగా పెట్టకు. పలచగా రెండు మూడు సార్లు, మధ్యలో ఆరనిచ్చి పెట్టు. ఆ పైన క్లియర్, అది చుట్టూ ఉన్న రంగు కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉండాలి. ఒక వారం వదిలేశాక 2000 పేపర్‌ను సబ్బు నీళ్ళలో తడిపి ఆ ఎత్తును మెల్లగా సమం చేసి, కాంపౌండ్‌తో రుద్దు. వ్యాక్స్ మాత్రం నెల దాకా వద్దు.

సిల్వర్ కదా, నువ్వు పెట్టిన చోటు కాస్త ముదురుగా కనిపిస్తుంది. స్ప్రే గన్‌తో కొట్టినప్పుడు ఆ రేణువులు పరుచుకునే తీరు వేరు, పుల్లతో పెట్టినప్పుడు వేరు. వెలుగు వేరుగా తిరిగొస్తుంది. నీ చేతిలో లోపమనుకుని మళ్ళీ గీకి మొదలుపెట్టకు. ఇకముందు హైవే మీద కొత్తగా పెచ్చు ఊడితే, ఇవన్నీ చేసే వీలు దొరికేదాకా తుడిచి ఒక ట్రాన్స్‌పరెంట్ టేపు ముక్క అంటించినా కొన్నాళ్ళు కాస్తుంది.

ఇక వెనక చక్రం పైన పొక్కు. బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగింది. అంటే తుప్పు లోపలివైపు నుంచి వచ్చింది. ఆ వంపు లోపలి మడతలో ఇసుకా బురదా చేరి, బీచ్ రోడ్డు ఉప్పుతో కలిసి తడిగా కూర్చుంటుంది. గాజువాక ఆటోనగర్‌లో మంచి టింకరింగ్ షాపు చూసుకో. చాలామంది చేసేదేమిటంటే, పొక్కు పగలగొట్టి, పైన గీకి, లప్పం దట్టించి, రంగు కొట్టి ఇచ్చేస్తారు. పుండు మానకుండానే కట్టు కట్టినట్టు ఉంటుంది అది. లప్పం నీళ్ళు పీలుస్తుంది, వచ్చే దీపావళికల్లా అదే చోట మళ్ళీ లేస్తుంది. తిన్న రేకును కోసి, కొత్త రేకు ముక్క వెల్డింగ్ చేసి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టమని అడుగు. మడత లోపలివైపు వ్యాక్స్ గానీ అండర్‌బాడీ కోటింగ్ గానీ తప్పకుండా పడాలి. దానికి విడిగా డబ్బు అడుగుతారు, ఇవ్వు. నీకు బంపర్ మీద మిగిలిన డబ్బు ఇక్కడ పెట్టు.

షాపు నుంచి వచ్చాక వారానికోసారి పైపుతో నాలుగు చక్రాల వంపుల లోపలా మంచినీళ్ళు కొట్టు. తలుపుల అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రాలుంటాయి, దుమ్ముతో మూసుకుపోతే తలుపు లోపలి నుంచే కుళ్ళుతుంది. చీపురుపుల్లతో పొడిచి తెరువు. తడి బండి మీద కవర్ కప్పకు.

షాపుకు ఏ రోజు ఇస్తున్నావో ముందే చెప్పు. ఆ పూట నేను ఫోన్ పక్కనే పెట్టుకుంటాను. రేకు కోసి, రుద్ది మెరిపించాక వీడియో కాల్ చెయ్. అది నేను చూశాకే ప్రైమర్ కొట్టమను.

నాన్న