విడుదల రోజు గురించి: జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్‌కు బహిరంగ లేఖ

తెలంగాణ జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్ గారికి,

మనిషి మళ్లీ నేరంలోకి జారే ప్రమాదం గేటు దాటిన తొలి రోజుల్లోనే ఎక్కువ. చీకటి పడ్డాక బయటికొచ్చిన వాడికి ఊరి బస్సు ఉండదు. ఫోను స్విచ్ఛాఫ్, సిమ్ ఎప్పుడో రద్దయి ఉంటుంది. ఆధార్‌కు కలిపింది ఆ నంబరే కాబట్టి ఓటీపీ రాదు, ఏళ్లుగా వాడని బ్యాంకు ఖాతా కూడా తెరుచుకోదు. జైల్లో సంపాదించిన కూలి డబ్బు ఉన్నా చేతికందదు. ఆ రాత్రి పడుకోను చోటిచ్చేది, చేతిలో ఐదొందలు పెట్టేది పాత జట్టే. ఆ బాకీ ఎలా తీర్చాలో వాళ్లే చెబుతారు.

శిక్ష పడ్డవారి విడుదల తేదీ మీ రిజిస్టర్‌లో ముందే ఉంటుంది. నెల ముందే ఆధార్ ఆపరేటర్‌ను లోపలికి పిలిపించి నంబరు మార్పించండి, ఖాతాకు కేవైసీ చేయించండి. ఉదయం పూటే వదలండి. టీబీ, ఫిట్స్, మానసిక జబ్బుల మందులు నెలకు సరిపడా, చీటీతో సహా ఇవ్వండి. మందు ఆగితే మనిషి మళ్లీ మొదటికొస్తాడు.

విచారణ ఖైదీల సంగతి వేరు. బెయిలొచ్చి ఏడు రోజుల్లో బయటపడకపోతే సూపరింటెండెంట్ పేదలకు ఉచిత న్యాయ సాయం చేసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్రం పేద ఖైదీల పథకంలో జామీనుకు రూ.50,000, శిక్ష పడ్డవారి జరిమానాకు రూ.25,000 దాకా సాయం ఉంది. ఇక కావలసిందల్లా, ఖైదీని అడిగి దరఖాస్తు రాసే మనిషే.

మీ పెట్రోలు బంకుల్లో విడుదలైనవారికి పని ఇస్తున్నారు, మంచిదే. అయితే అందరూ బంకుల్లో పట్టరు. మేస్త్రీ పని, వైరింగ్ నేర్పితే సర్టిఫికెట్ మీద జైలు పేరు వేయించకండి.